యెహోషువ చదివిన పేర్లు

సోమవారం పొద్దున్న సరిగ్గా ఆరు గంటలకు, చోడవరంలోని ఆ చిన్న చర్చి మైకులోంచి వాన చప్పుడు వినిపించింది.

మే నెల. వాకిట్లో నీళ్ళు జల్లుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ వాన వెనకాల నుంచి ఒక ముసలి గొంతు, "మన సంఘ సభ్యురాలు..." అని మొదలుపెట్టి ఆగింది. దీర్ఘంగా ఊపిరి తీసుకుంది. "శాలోమి. ప్రభువునందు నిద్రించినది."

ఆ గొంతు యెహోషువది. ముప్పై ఏళ్ళు ఆ చర్చిలో గంట కొట్టి, మైకులో చావు కబుర్లు చెప్పి, రెండేళ్ళ కిందట కన్నుమూసినవాడు. శాలోమి అతని కన్నకూతురు. తండ్రి గొంతు తన చావు కబురు చెబుతున్నప్పుడు ఆమె పెరట్లో నిక్షేపంగా పళ్ళు తోముకుంటోంది.

ఇదే మొదటిసారయితే ఎవడో ఆకతాయి పని అని నాలుగు తిట్టుకుని ఊరుకునేవారు. కానీ మొన్న శుక్రవారం ఆరింటికి ఇదే గొంతు కరుణమ్మ పేరు చదివింది. అరవై ఎనిమిదేళ్ళ కరుణమ్మ ముందు నవ్వింది, తర్వాత భయపడింది, రోజంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకుంది. రాత్రి తొమ్మిదింటికి గుండె ఆగి పోయింది. శనివారం సమాధి చేశారు.

అంటే శాలోమికి ఈ ఒక్క రోజు గడవాలి.

గౌతమి చోడవరంలో బస్సు దిగేసరికి పదీ నలభై. ఆమెకు నలభై రెండేళ్ళు. విశాఖపట్నంలో ఒక సైబర్ ల్యాబులో తొమ్మిదేళ్ళు పనిచేసి, పై అధికారితో పడక మానేసి, అనకాపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. బోర్డు చూసి వచ్చేవాళ్ళలో సగం మంది పెళ్ళికొడుకుల గుణగణాలు కనుక్కోమనేవాళ్ళే. చావు కబురు ముందే విన్న మనిషి ఫోన్ చేయడం మాత్రం ఇదే మొదలు. పొద్దున్న ఏడింటికి ఫోనులో శాలోమి గొంతు వణకలేదు.

"నన్ను కాపాడమని కాదమ్మా," అంది. "మా అన్న కొడుకు ఫెలిక్స్‌ని కాపాడండి. ఆ గుంటడే ఇదంతా చేసేడని గదిలో కూసోబెట్టేరు."

చర్చిలో మొదటి బెంచీ మీద శాలోమి కూర్చుని ఉంది. యాభై ఏళ్ళు ఉంటాయి. తెల్ల చీర, ఒడిలో బైబిలు, పాదాల దగ్గర మూత బిగించిన పచ్చ ఫ్లాస్కు. వెనక బెంచీల నిండా జనం. ఒక్కరూ మాట్లాడటం లేదు. చావింటికి వచ్చినట్టు వచ్చి, చావు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.  శాలోమి పక్కన నిలబడి ఒకాయన తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు.

"నాను దాసునండి, సంఘం సెక్రటరీని," అన్నాడాయన, విసరడం ఆపకుండానే. "బస్టాండు కాడ నెట్ సెంటరు నాదే. కరుణమ్మ పోయిన మర్నాడే, ఇది తేల్చమని విశాఖ నించి రాజ్ కుమార్ గార్ని పిలిపించింది కూడా నానే. మీరూ వచ్చేరు, మంచిదే. ఎవులు తేల్చినా మా అక్క బతకాలి."

గౌతమి శాలోమి పక్కన కూర్చుంది. "అమ్మా, కరుణమ్మ గారు, మీరు. వరసగా మీ ఇద్దరి పేర్లే ఎందుకు? మీ ఇద్దరికీ కలిసిన పని ఏదైనా ఉందా?"

శాలోమి బైబిలు మీద చెయ్యి వేసింది. "మా నాన్న తన మెట్టభూమి నలభై సెంట్లు సమాదుల దొడ్డికి ఇచ్చేడమ్మా. తెల్లకాయితం మీద రాసేడు. సాచ్చి సంతకాలు నాదీ, కరుణమ్మొదినదీ. ఇప్పుడెవులో ఆ భూమి ముందే మాకు అమ్మేసేడని కాయితం తెచ్చేరు. బుధవారం కోర్టులో వాయిదా. ఇద్దరం వచ్చి సెప్పాలన్నారు."

"ఆ కేసు సంఘం తరపున నానే సూస్తన్నానండి," అన్నాడు దాసు. "ఇప్పుడు ఒక్క సాచ్చే మిగిలింది. అందుకే నా భయం."

శాలోమి ఆ మాట విననట్టే ఉంది. "కానీ మనుషుల పని కాదేమోనమ్మా," అంది మెల్లగా. "మా నాన్న పిలిస్తే ఎల్లకపోతే ఎలాగ?"

గౌతమికి ఆ రోజు మొదటిసారి నిజంగా భయం వేసింది. చంపేవాడు ఎవడైనా వాణ్ని పట్టుకోవచ్చు. చనిపోవడానికి సిద్ధపడి కూర్చున్న మనిషిని ఎలా ఆపాలో ఆమెకు తెలియదు.

చర్చి పక్కగదిలో రాజ్ కుమార్ కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. సీఐగా రిటైరైన మనిషి, మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. అతని ఎదురుగా స్టూలు మీద ఇరవై ఆరేళ్ళ ఫెలిక్స్. ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. రాత్రంతా ఏడ్చినవాడిలా కళ్ళు వాచిపోయాయి. మూల బల్ల మీద చర్చి కంప్యూటర్. గోడవారగా ఇంకో బల్ల మీద పదిహేను ఫ్లాస్కులు వరసగా.

"ఈ ఫ్లాస్కులేమిటి?" అంది గౌతమి.

"ఇక్కడి పద్ధతి," అన్నాడు రాజ్ కుమార్. "మైకులో కబురు వినబడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. ప్రతి ఇంటివాళ్ళూ టీ కాచి తెస్తారు. శాలోమిని నేను ఇక్కడికి తెచ్చి కూర్చోబెట్టాను కాబట్టి ఫ్లాస్కులూ ఇక్కడికే వచ్చాయి. ఎవరు ఎన్నింటికి ఏం తెచ్చారో అన్నీ రాసి పెట్టాను." జేబులోంచి బయటికి కనిపిస్తున్న చిన్న నోటు పుస్తకాన్ని తట్టాడు. "ఉద్యోగం వదిలింది గానీ అలవాటు వదల్లేదు మేడమ్."

అంటూ బల్ల చివర ఉన్న పచ్చ ఫ్లాస్కు మూత తీసి, స్టీలు గ్లాసులోకి చిక్కటి రాగి జావ, ఇక్కడి మాటలో చోడి జావ, వంచుకున్నాడు.

"అది అత్తకి తెచ్చింది సార్," అన్నాడు ఫెలిక్స్.

"మీ అత్త ఎలాగూ సాయంత్రం దాకా ముట్టదు కదా. నాకు షుగర్, ఈ టీలన్నీ పానకాలే." ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "తొమ్మిదింటికి ఒక గ్లాసు తాగాను. కాస్త చేదుగా ఉంది. అయినా ఒంటికి మంచిది. మీకు పొయ్యమంటారా?"

"వద్దండి, నీళ్ళున్నాయి," అంది గౌతమి తన సీసా చూపించి. "ఈ అబ్బాయి మీద మీకున్న ఆధారం చెప్పండి."

"ఆధారం కంప్యూటర్ పక్కనే కూర్చుంది. ఈ ఏర్పాటంతా చేసినవాడు వీడు. గంట ఫోల్డర్‌లో ఏదైనా పెట్టాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ వీడికొక్కడికే తెలుసు. ఆ గంటల తాతకి వీడు మనవడు, అత్త పోతే ఆ భూమిలో హక్కు వీడికే వస్తుంది. ఇంకేం కావాలి మీకు, వీడు సంతకం పెట్టి ఇవ్వాలా?"

"పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళినట్టు రికార్డు ఉందా?"

"లేదు. చెరిపేశాడు."

"ఉంటే వాడే చేశాడంటారు, లేకపోతే వాడే చెరిపాడంటారు. మీతో సుఖంగా ఉంది సార్."

రాజ్ కుమార్ మీసం కదిలింది. "మీరు ల్యాబులో ఏసీ కింద కూర్చుని కంప్యూటర్లు విప్పారు. నేను ముప్పై మూడేళ్ళు మనుషుల్ని విప్పాను. అన్నం పెట్టిన అత్త చచ్చిపోతుందని తెలిసినవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"నాకూ తెలుసు. ఇలాగే ఉంటుంది. చంపేవాడికీ, పోగొట్టుకునేవాడికీ." గౌతమి స్టూలు దగ్గరికి ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఫెలిక్స్, మొదటి నుంచీ చెప్పు బాబూ. మీ తాత గొంతు ఆ డబ్బాలోకి ఎలా వచ్చింది?"

ఫెలిక్స్ ఒకసారి తలుపు వైపు చూశాడు. "తాతకి కేన్సర్ అని తెలిసేకా ఒకటే దిగులండి, నా తరవాత కబురెవులు సెప్తారని. రికార్డు సెయ్యరా అన్నాడు. సంఘం రిజిస్టరు ముందెట్టుకుని, అందరి పేర్లూ సదివేసేడు. నాలుగొందల పన్నెండు. బతికున్నోల్ల పేర్లే అన్నీ."

"అందరివీనా?"

"పసిపిల్లలవి కూడానండి. నాను వద్దన్నాను. ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడతాది కదరా అన్నాడు." ఫెలిక్స్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "రోజుకి ముప్పై పేర్లు సదివేవాడు. రెండొందల దగ్గిర్నించీ వాన పట్టుకుంది. అత్తది రెండొందల పద్నాలుగు. అక్కడికొచ్చి ఆగిపోయేడండి. సేనా సేపు సదవలేకపోయేడు. ఆ ఊపిరి పొద్దున్న మైకులో అందరూ విన్నారు."

 బల్ల కింద గుడ్డి వెలుగులో ఆ కంప్యూటర్ పెట్టె చిన్నగా గురక పెడుతోంది. బయట బెంచీల మీద కూర్చున్న ప్రతి మనిషి చావు కబురూ అందులో తయారుగా ఉందన్న సంగతి గౌతమికి అప్పుడు బోధపడింది. వాళ్ళకీ తెలుసు. తెలిసే ప్రతి ఆదివారం దాని పక్కనుంచి నడిచి వెళ్ళి పాటలు పాడుతున్నారు.

"పేరు ఎలా పలుకుతుంది?"

"పొద్దున్న ఆరు, మధ్యాన్నం పన్నెండు, సాయంత్రం ఆరు. ముందు ఒక వాక్యం సదువుతాది. తరవాత గంట ఫోల్డర్‌లో చీటీ ఉందా అని సూస్తాది. చీటీలో రిజిస్టరు నంబరుంటే ఆ పేరు పలికి, చీటీ చెరిపేస్తాది. అంతేనండి."

"బయటివాళ్ళు ఈ కంప్యూటర్‌కి ఏం పంపగలరు?"

"ప్రార్థన వినతులు. ఫోన్లో ఒక పేజీ ఉందండి. పైన శీర్షిక, కింద విషయం రాసి పంపుతారు. ఆ శీర్షికే పేరుగా వినతుల ఫోల్డర్‌లో పడతాది. పాస్టరు గారు చూసి ప్రార్థన చేస్తారు. గంట ఫోల్డర్ వేరండి, దానికీ దీనికీ సంబంధం లేదు."

"రెండు ఫోల్డర్లూ ఒకే పెద్ద ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎవరైనా శీర్షికలో రెండు చుక్కలు పెట్టి, ఒక గీత గీసి, పక్క ఫోల్డర్ పేరు రాస్తే? రెండు చుక్కలంటే గుమ్మం దాటి బయటికి రమ్మని కదా."

ఫెలిక్స్‌కి కాస్త రోషం వచ్చింది. మాస్టారు కదా మరి. "అది నాకు తెలీదేటండి? అడ్డం పెట్టేను. రెండు చుక్కలూ గీతా కలిపి కనిపిస్తే వెనక్కి తోసేస్తాది. పదిసార్లు టెస్టు చేసేను."

"ఎక్కడ చేశావు?"

"మా ఇంట్లో. నా లాప్‌టాప్‌లో."

"నీ లాప్‌టాప్‌లో ఏముంది?"

"లినక్స్ అండి."

"మరి ఇందులో?"

 ఫెలిక్స్ మూల బల్ల మీది కంప్యూటర్ వైపు చూశాడు. ఎవరో దానమిచ్చిన పాత డబ్బా, దాని తెర మీద విండోస్ నీలం రంగు. అతని మొహంలోంచి రక్తం దిగిపోవడం గౌతమి కళ్ళారా చూసింది.

"అయ్యో," అన్నాడు. "అయ్యో దేవా."

"ఏమిటి? తెలుగులో చెప్పండి," అన్నాడు రాజ్ కుమార్.

గౌతమి తన కాగితం మీద రెండు గీతలు గీసింది. ఒకటి కుడికి వాలింది, ఇంకోటి ఎడమకి వాలింది. "లినక్స్‌లో ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి దారి అంటే కుడికి వాలిన ఈ గీతే. ఎడమ గీత దానికి ఉత్త అక్షరం. విండోస్‌కి రెండూ దారులే. ఫెలిక్స్ వీధి గుమ్మం దగ్గర కాపలా పెట్టాడు. తన ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. ఈ ఇంటికి పెరటి గుమ్మం కూడా ఉంది."

"మాటలు బాగున్నాయి. రుజువు?"

గౌతమి కంప్యూటర్ ముందు కూర్చుంది. వచ్చిన ప్రతి వినతినీ, దాని శీర్షిక ఎలా టైపు చేస్తే అలాగే రాసుకునే చిట్టా ఒకటి ఉంది. గురువారం రాత్రి తొమ్మిదీ పద్నాలుగుకి ఒక వరస. ఆదివారం రాత్రి ఎనిమిదీ యాభై రెండుకి ఇంకో వరస. రెండింటిలోనూ శీర్షిక ఒకటే:

..\గంట\చీటీ

కింద విషయం దగ్గర, మొదటిదానిలో 87. రెండోదానిలో 214.

"ఎనభై ఏడు కరుణమ్మత్తది," అన్నాడు ఫెలిక్స్ గుసగుసగా.

"ఈ గీతలు నేనూ చూశాను," అన్నాడు రాజ్ కుమార్. మొదటిసారి అతని గొంతులో పట్టు సడలింది. "ఎవరో టైపు చేయడం రాక కొట్టారనుకున్నాను."

"చేసి చూపిస్తాను. ఒక నంబరు చెప్పు ఫెలిక్స్. ఎవరికీ కీడు లేని నంబరు."

ఫెలిక్స్ తడుముకోలేదు. "ఒకటి. తాతదే. తన పేరు కూడా తనే సదువుకున్నాడండి. ఎలాగూ పోయినోడే కదా."

గౌతమి తన ఫోన్లో ఆ పేజీ తెరిచి, శీర్షికలో అవే గీతలు కొట్టి, కింద 1 అని రాసి పంపింది. పదకొండూ నలభై ఏడు. వినతుల ఫోల్డర్ తెరిచింది. కొత్తది ఏదీ లేదు. గంట ఫోల్డర్ తెరిచింది. అందులో చీటీ ఉంది. పాస్‌వర్డ్ ఎవరూ కొట్టలేదు.

ఫెలిక్స్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నిర్దోషి అని తేలినవాడు సంతోషించాలి. కానీ తలుపు తీసి పెట్టింది తనే అని తెలిసినవాడికి సంతోషం ఎక్కడిది?

"శీర్షికలో ఏ గుర్తులున్నాయని వెతకడం కాదు బాబూ," అంది గౌతమి, కోప్పడకుండా. "ఆ ఫైలు చివరికి ఎక్కడ పడుతుందో ముందు కంప్యూటర్ చేతే తేల్పించాలి. పడే చోటు వినతుల ఫోల్డర్ లోపలే అయితే రానివ్వాలి. లేకపోతే ఎన్ని గీతలు వచ్చినా బయటికే. అలా చేస్తే ఏ సిస్టమ్ అయినా ఒకటే."

"అంటే ఒక ముద్దాయి పోయి నాలుగు వందల మంది వచ్చారు," అన్నాడు రాజ్ కుమార్. చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. చెమట ధారగా కారుతోంది. "భలే సాయం చేశారు మేడమ్. ఫోనున్న ప్రతివాడూ దొంగే."

"పోనీ, ఇంకో వైపు నుంచి వద్దాం. గొంతు వినగానే మనుషులు చచ్చిపోరు. కరుణమ్మ పోవడానికి పదిహేను గంటలు పట్టింది. ఆ పదిహేను గంటల్లో ఆమె ఏం చేసింది?"

"ఏటీ చెయ్యలేదండి," అన్నాడు ఫెలిక్స్. "ఉపాసం. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆరింటికి విడిచింది. అత్త కూడా సాయంత్రం ఆరు దాకా ముట్టదు. ముట్టినా, ముందు ప్రార్థన చెయ్యందే గ్లాసెత్తదు. మా అత్త ప్రార్థన మొదలెడితే కూర చల్లారిపోద్దండి, చిన్నప్పుడు మేం ఆకలికి ఏడ్చేవాళ్ళం."

"అంటే ఆరు నుంచి తొమ్మిది. మూడు గంటలు." గౌతమి చీటీ చెరిపేద్దామని మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఈ గదిలో ట్యూబులైటు మార్చారా?" అన్నాడు రాజ్ కుమార్ ఉన్నట్టుండి.

గౌతమి వెనక్కి తిరిగింది. "లేదే. ఏం?"

"పసుప్పచ్చగా ఉంది. గోడ కూడా. మీ మొహం కూడా." కళ్ళు నులుముకున్నాడు. "ఎండ దెబ్బ అనుకుంటా. పొద్దున్నుంచీ కడుపులో తిప్పుతోంది."

గౌతమి ట్యూబులైటు వైపు చూసింది. తెల్లగా వెలుగుతోంది. మనసులో ఏదో ఒక పాత కేసు కాగితం రెపరెపలాడింది గానీ అందలేదు. అందేలోగా ఫెలిక్స్ మాట్లాడాడు.

"మేడమ్, ఇది ముందొకసారి జరిగిందండి. క్రిస్మస్‌కి ముందు. పాటల లిస్టు పంపితే వినతుల్లో పడకుండా గంట ఫోల్డర్‌లో పడింది. శీర్షికలో ఎడమ గీత ఉందని నాకు ఫోను చేసి మరీ సెప్పేరు. ఏదో పొరపాటులే అని నాను పట్టించుకోలేదు."

"ఫోను చేసిందెవరు?"

"అదేనండి, మన..."

గోడ మీది గడియారం పన్నెండు కొట్టింది.

మైకు కర్రుమంది. ముందు వాక్యం వచ్చింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఈ సారి వాన లేదు. వెనక ఏ చప్పుడూ లేదు, మూసిన గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి తప్ప. ఒక దగ్గు. పెదవులు తడుపుకున్న సవ్వడి.

"మన సంఘమునకు గంట కొట్టిన యెహోషువ. ప్రభువునందు నిద్రించెను."

చనిపోయినవాడు తన చావు కబురు తనే చెప్పుకున్నాడు, ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేనట్టు.

ఆ చీటీ పెట్టింది గౌతమే. చెరపడం మరిచిపోయింది. తొమ్మిదేళ్ళు ల్యాబులో పిల్లలకి నేర్పిన మొదటి పాఠం, పరీక్ష కోసం పెట్టింది పరీక్ష కాగానే తీసెయ్యాలని. ఇప్పుడు తనే తప్పింది.

బయట జనంలో ఒక్కసారిగా గోల లేచింది. ఏడుపులు, స్తోత్రాలు కలిసిపోయాయి. వాటి మీదుగా శాలోమి గొంతు వినిపించింది, చిన్నపిల్ల గొంతులా. "నాన్న తన పేరే సదువుకున్నాడు! నన్ను వదిలేసేడు! విన్నారేటి, నన్ను వదిలేసేడు!"

"చూశారా, మీ పరీక్షకి జనం..." అంటూ రాజ్ కుమార్ నవ్వబోయి లేచాడు. లేచినవాడు లేచినట్టే బల్ల మీదికి వాలి, ఫ్లాస్కుల్ని తోసుకుంటూ నేల మీద పడ్డాడు.

గౌతమి మోకాళ్ళ మీద కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి కొట్టుకుని, ఆగి, ఇక కొట్టుకోదేమో అనుకున్నాక మళ్ళీ కొట్టుకుంది. పసుపు రంగు. చేదు. కడుపులో తిప్పడం. ఇందాక అందని కాగితం ఇప్పుడు అందింది: అయిదేళ్ళ కిందటి గన్నేరు విషం కేసు, అందులోనూ మనిషికి ముందు అంతా పసుప్పచ్చగా కనిపించింది. చివరిదాకా గుండెజబ్బే అనుకున్నారు.

"ఫెలిక్స్, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్! విషం అని చెప్పు!" ఆమె చూపు దొర్లిపోయిన స్టీలు గ్లాసు మీద పడింది. అడుగున చోడి జావ మట్టిరంగులో అంటుకుని ఉంది. "ఉపవాసం విడిచేటప్పుడు ఏం తాగుతారు మీరు? టీయా?"

"టీ వచ్చినోల్లకండి," అన్నాడు ఫెలిక్స్, నంబరు నొక్కుతూ. "ఉపాసం ఉన్నోల్లకి జావే. కాళీ కడుపు కదా. కరుణమ్మత్త కూడా..." అని ఆగిపోయాడు.

అంతా అక్కడే ఉంది. గొంతు ఎవరినీ చంపలేదు. గొంతు మనిషిని ఉపవాసం కూర్చోబెట్టింది, ఇంటి నిండా ఫ్లాస్కులు నింపింది. ఊరందరూ టీ తాగి వెళ్ళిపోతారు. జావ మాత్రం ఒక్క మనిషే తాగుతుంది. ఎవరు తెచ్చారో ఎవరూ అడగరు, ఎవరికీ గుర్తుండదు.

ఒక్క రాజ్ కుమార్‌కి తప్ప.

గౌతమి అతని జేబులోంచి నోటు పుస్తకం లాగింది. ముప్పై మూడేళ్ళ పోలీసు దస్తూరీ, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. ఎర్ర ఫ్లాస్కు, టీ, 7:20. స్టీలు ఫ్లాస్కు, టీ, 7:35. వేలు పైకి జరిపింది. పేజీలో మొట్టమొదటి వరస.

6:50. దాసు. చోడి జావ, శాలోమికి. పచ్చ ఫ్లాస్కులు రెండు.

రెండు.

ఆమె తల తిప్పి చూసింది. బల్ల మీద, బల్ల కింద, నేల మీద దొర్లుతున్నవాటిలో. పచ్చది ఒక్కటే ఉంది. రెండోది ఎక్కడ చూసిందో గౌతమికి తెలుసు. శాలోమి పాదాల దగ్గర.

తలుపు తోసింది. చర్చి నిండా జనం లేచి నిలబడి ఉన్నారు. భుజాల సందుల్లోంచి మొదటి బెంచీ కనిపించింది. దాసు పచ్చ ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు. "ఇంకెందుకక్కా ఉపాసం? మీ నాన్నే వదిలేసేడు కదా. తాగు, తాగు," అంటున్నాడు ఎంతో ప్రేమగా. శాలోమి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచి ఉంది. పెదవులు కదులుతున్నాయి.

"అమ్మా! తాగొద్దు!" అని అరిచింది గౌతమి. స్తోత్రాల హోరులో ఆ కేక ఆమెకే వినబడలేదు. అడ్డం వచ్చినవాళ్ళని తోసుకుంటూ పరిగెత్తింది. ఆ ప్రార్థన పొడుగ్గా సాగాలని, కూరలు చల్లారిపోయేంత పొడుగ్గా సాగాలని, ఏ దేవుణ్నీ పెద్దగా అడిగి ఎరగని గౌతమి ఆ దేవుణ్నే అడిగింది.

ఇంకా నాలుగు బెంచీల దూరం ఉండగా, శాలోమి తల ఎత్తి కళ్ళు తెరిచింది.

"ఆమేన్," అంది.